శనివారం బట్వాడా

ఏప్రిల్ 27, 2025. ఆదివారం. పొద్దున్న ఏడు కాకముందే కె.కోటపాడులో ఎండ చురుక్కుమంటోంది. బడులకు సెలవులు మొదలై నాలుగో రోజు. మీరొక ప్రభుత్వ బడి వరండాలో, పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద కూర్చుని ఉన్నారనుకోండి. మోకాళ్లు ఎదుటి బల్లకు తగులుతున్నాయి. మీ పక్కన రిటైరైన తెలుగు మాస్టారు. ఆయన పక్కన ఊళ్లో మందుల షాపు నడిపే ఆవిడ. బల్ల మీద రూళ్ల పుస్తకం, పెన్ను, మూత పెట్టిన మజ్జిగ చెంబు.

మే 5 నుంచి 24 దాకా, ఆదివారాలు వదిలేసి, పద్దెనిమిది రోజుల వేసవి శిబిరం. డెబ్భై మంది పిల్లలు. కబడ్డీ, ఖోఖో, బొమ్మలు వేయడం, లెక్కలతో ఆటలు, ఆఖరి వారంలో తప్పెటగుళ్లు. వచ్చీరాగానే చోడి (రాగి) జావ, పదకొండింటికి అన్నం. ఈ పిల్లల్ని ఎవరి చేతుల్లో పెట్టాలో తేల్చే పని ఇవాళ మీ ముగ్గురిదీ.

ఇలాంటి శిబిరాలు మన రాష్ట్రానికి కొత్తవి కావు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఏటా వేసవిలో పిల్లలకు విజ్ఞాన శిబిరాలు పెడతాయి. రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ పల్లెల్లో ఆటల శిక్షణ నడుపుతుంది. పక్క రాష్ట్రంలోని హైదరాబాదులోనూ నగరపాలక సంస్థ వేసవి శిక్షణకు దశాబ్దాల చరిత్ర ఉంది. వీటి మీద పేపర్లో వచ్చే వార్తలు నేను శ్రద్ధగా చదువుతాను. పిల్లల ఫొటో ఉంటుంది, ముఖ్య అతిథి పేరుంటుంది. ఎండలో విజిలూదినవాళ్లకి, జావ కాచినావిడకి ఎంత ముట్టింది, ఏ రోజున ముట్టింది అన్న మాట మాత్రం కనబడదు. నాకు కావలసింది ఆ మాటే. మిమ్మల్ని ఈ వరండాలో కూర్చోబెట్టింది అందుకే.

డబ్బు ఎక్కడిదంటారా? ఊరు విడిచి వెళ్లిన పిల్లలు పంపారు. ఉక్కు కర్మాగారంలో పనిచేసేవాళ్లు కొందరు, హైదరాబాదులో ఉన్నవాళ్లు కొందరు, న్యూజెర్సీలో ఒకరు. సరుకులకి, బంతులకి, కాగితాలకి వేరుగా తీసి, జీతాల కోసం 45,000 రూపాయలు పక్కన పెట్టారు. ఆ డబ్బు ముట్టుకోకూడదని మందుల షాపావిడ మొదటి రోజే గట్టిగా చెప్పింది. ఫ్లెక్సీకైనా, షామియానాకైనా అందులోంచి ఒక్క రూపాయి తియ్యకూడదు. ఆవిడ పట్టుబట్టిన మరో సంగతి మీ వెనక నల్లబల్ల మీద సుద్దతో రాసి ఉంది:

శిక్షకులు – రోజుకు 550. వంట – 300. వంట సహాయం – 200. డబ్బు ప్రతి శనివారం.

వచ్చినవాళ్లు ముందు అది చదువుకుంటారు, తర్వాత మీతో మాట్లాడతారు. జీతం మాట ఆఖర్న, గుమ్మం దిగేటప్పుడు, నసుగుతూ వచ్చే అలవాటు మనది. ఆ అలవాటు ఈ వరండాలో ఉండకూడదని ఆవిడ ఉద్దేశం.

అందరికంటే ముందు వచ్చింది వంట మనిషి. ఇదే బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చెప్పులు మెట్ల కింద విడిచి, కొంగు నడుముకు దోపుకుని, గుమ్మం దగ్గరే నిలబడింది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. తోడుగా సహాయానికి వచ్చే మరో ఆవిడ. ఇద్దరికీ బోర్డు మీది అంకెల్ని మాస్టారు చదివి వినిపించారు.

"ఏటి బాబూ, మూడొందలా? ఉపాధికెల్తే మూడొందలేడు. ఆ పని పదకొండుకల్లా అయిపోద్ది. ఇక్కడ సీకటితో లెగిసి రావాల, గిన్నెలు తోమీసరికి మద్దినేళ అయిపోద్ది."

రెండో ఆవిడ ఏమీ అనలేదు. ఆమెకు రాసింది రెండొందలు. వెళ్లిపోదామన్నట్టు కొంగు లాగింది.

ఆ 307 గాలిమాట కాదు. 2025-26కి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రేటు అంతే. దానికి ముందు ఏడాది 300, అంతకుముందు 272. కొలతల్లో ఎంత పడితే అంత చేతికి వస్తుందన్నది నిజమే. అయినా ఆడది పొద్దున్నే గునపం పట్టుకుని చెరువు పూడిక తీస్తే రాగలిగే డబ్బు కంటే, డెబ్భై మంది పిల్లలకు అన్నం వండితే వచ్చేది తక్కువని మనం బోర్డెక్కించాం.

మాస్టారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మందుల షాపావిడ లేచి గంటల లెక్క వేసింది. శిక్షకులు ఆరింటికి వచ్చి పదకొండింటికి వెళతారు, ఐదు గంటలు. వంటావిడ నాలుగున్నరకి పొయ్యి వెలిగించి పన్నెండింటికి గిన్నెలు బోర్లిస్తుంది, ఏడున్నర గంటలు. ఒకే పనికి ఆడవాళ్లకు తక్కువ ఇవ్వకూడదని 1976లోనే చట్టం వచ్చింది. దాన్ని దాటడానికి ఊళ్లలో ఒక సులువుంది. ఆడవాళ్లు చేసే పనిని వేరే పనిగా రాసేస్తే సరిపోతుంది. నేను చూసిన చాలా పద్దుల్లో జరిగింది ఇదే. రాసినవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. పాత పద్దులో అలా ఉంది కాబట్టి కొత్త పద్దులోనూ అలాగే దించేశారు.

బోర్డు తుడిచారు. మళ్లీ రాశారు. శిక్షకులకు 450, వంటకు 500, సహాయానికి 350. ముగ్గురు శిక్షకులకు పద్దెనిమిది రోజులకు 24,300. వంటకు 9,000. సహాయానికి 6,300. తప్పెటగుళ్లు నేర్పే పెద్దాయనకు ఆరు రోజులకు 600 చొప్పున 3,600. మొత్తం 43,200. గంటకు లెక్కేస్తే ఇప్పటికీ వంటకే తక్కువ పడుతోంది. ఆ మాట మాస్టారే పైకి అన్నారు. ఉన్న డబ్బులో ఇంతకంటే సర్దలేకపోయారు. శిక్షకులింకా ఎవరూ రాలేదు కాబట్టి చూపించిన అంకెను తగ్గించినట్టు కాలేదు. వంటావిడ అప్పుడు కూర్చుంది.

ఎనిమిదయ్యేసరికి గేటు దగ్గర నాలుగైదు మోటారు సైకిళ్లు చేరాయి. చౌడువాడ నుంచి ఒకడు, పిండ్రంగి నుంచి ఇద్దరు, ఊళ్లోవాళ్లు మిగతా. ఇక మీరు చూడబోయే పరీక్షలో సర్టిఫికెట్ల పాత్ర తక్కువ. ముందే పిలిపించిన పన్నెండు మంది పిల్లలు చింతచెట్టు కింద ఉన్నారు. వచ్చిన ప్రతివాళ్లకూ ఆ పిల్లల్ని అరగంట అప్పగిస్తారు. ఏం చేయిస్తారో వాళ్ల ఇష్టం. మీరు ఇక్కణ్ణుంచే చూస్తూ కూర్చుంటారు.

మొదటి కుర్రాడు బీపీఈడీ చదివాడు. కబడ్డీ ఆటగాడు. పిల్లల దగ్గరికి వెళ్లకుండా ముందు మైదానంలో వంగి నడుస్తున్నాడు. ఏం వెతుకుతున్నాడో మీకు వెంటనే అర్థం కాదు. మొరం రాళ్లు ఏరుతున్నాడు. ఓ పిడికెడు రాళ్లు గోడ అవతల పారేసి, నీళ్లు చల్లాలి మాస్టారూ, లేకపోతే మోకాళ్లు చెక్కుకుపోతాయి అన్నాడు. మీకు అక్కడే నచ్చేశాడు. కానీ మాట వినని పిల్లాణ్ణి ఏం చేస్తావని అడిగితే, రెండు తగిలిస్తే దారికొస్తాడండీ, మేమంతా అలాగే కదా నేర్చుకున్నది అన్నాడు.

మాస్టారికి కోపం రాలేదు. బడిలో పిల్లల మీద చెయ్యి వేయకూడదని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోందని, అది పుస్తకంలోని మాట మాత్రమే అనుకోవద్దని, ఇక్కడ చెయ్యి లేచిన రోజే లెక్క చూసి పంపేస్తామని నెమ్మదిగా చెప్పారు. కుర్రాడు తలొంచుకుని కాసేపు ఆలోచించాడు. ఆటలోంచి అయిదు నిమిషాలు బయట కూర్చోబెడితే సరిపోతుందేమో అన్నాడు. సరిపోతుందన్నారు. పేరు రాసుకున్నారు.

రెండో మనిషి పాతికేళ్ల అమ్మాయి. నిరుటి దాకా గ్రామ వాలంటీరు. 2019 ఆగస్టు నుంచి యాభై ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు ఐదు వేల గౌరవ వేతనంతో రాష్ట్రమంతా పనిచేసినవాళ్లలో ఒకరు. ఒకటో తారీఖున తెల్లవారకముందే తలుపు తట్టి పింఛను డబ్బు చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకున్న అనుభవం. 2024లో ఆ పని ఆగిపోయింది. ఆట నేర్పడం ఆమెకు పెద్దగా రాదు. పిల్లల్తో ఏదో అంత్యాక్షరి మొదలెట్టింది, అది సాగలేదు. మీరు పెదవి విరవబోతుండగా పిల్లలకు దాహమేసింది. పంపు దగ్గరికి బయల్దేరేటప్పుడు చూపుడువేలితో గాలిలో లెక్కపెట్టింది. పన్నెండు. నీళ్లు తాగి వచ్చాక మళ్లీ లెక్కపెట్టింది. పదకొండు. మాట్లాడకుండా వెనక్కి పరుగెత్తి, పంపు వెనక బురదలో కప్పను చూస్తున్న పిల్లాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

లెక్కపెట్టమని ఎవరూ చెప్పలేదు. శిబిరాల్లో ప్రమాదాలు ఆటలోనే జరగాలని లేదు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలేటప్పుడు, ఎవరూ ఎవరినీ చూడని ఆ రెండు నిమిషాల్లోనూ జరుగుతాయి. మే నెలలో మన చెరువుల్లో ఏటా ఎంతమంది తల్లుల కడుపులు కాలుతున్నాయో తలచుకుంటే, ఈ అమ్మాయి వేలు గాలిలో కదిలిన తీరే ఆమె అర్హత అని నేనంటాను. హాజరు, చిన్నపిల్లల గుంపు, రిజిస్టరు ఆమెకు అప్పగించారు.

మూడో అతనిది బొమ్మలు, లెక్కలు. చేతిసంచిలోంచి తెలుగు అకాడమీ పుస్తకాల అంచులు బయటికి కనబడుతున్నాయి. వారం కింద, ఏప్రిల్ 20న, మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 16,347 పోస్టులు. జూన్ 6 నుంచి పరీక్షలు. ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఉద్యోగం అది. పదకొండింటికి అయిపోతుంది కదండీ, మధ్యాహ్నం చదువుకుంటాను అంటున్నాడు. ఈ మే నెలలో బాగా చదువు చెప్పగలిగినవాళ్లు ఎవర్ని పిలిచినా ఇదే పరిస్థితి. మధ్యలో మానేస్తాడేమోనని మీకు అనుమానం. నాకూ అనుమానమే. కానీ గుండ్రటి రాళ్లతో మూడో ఎక్కాన్ని నేల మీద పూవులా పేర్చి చూపించిన మనిషిని ఎలా వదులుకుంటారు?

ఇంతలో మాస్టారి ఫోను మోగింది. ఊళ్లో పలుకుబడి ఉన్న మనిషి. మనోడే ఒకబ్బాయి వస్తాడు, చూడండి అన్నాడు. పంపించండి బాబూ, అందరికీ పెట్టినట్టే పెడతాం అన్నారు మాస్టారు. వచ్చాడు. సిఫారసు మీద వచ్చినవాణ్ణి చూసే చూపుతోనే మీరూ చూశారు. అరగంటయ్యాక అతను పిల్లలకు కాగితం మడిచి పడవలూ పక్షులూ చేయిస్తుంటే పన్నెండు తలలూ ఒక్కచోట చేరాయి. సిఫారసు ఉన్నంత మాత్రాన పనికిరానివాడని కాదు, పనికొచ్చేవాడనీ కాదు. డీఎస్సీ కుర్రాడు మానేస్తే పిలుస్తామని, లేకపోతే పని ఉండదని ఉన్నదున్నట్టు చెప్పి అతని పేరు అదనంగా రాసుకున్నారు. పద్దెనిమిది నిండని ఇంటర్ అమ్మాయి ఒకామె ఎంతో ఆశగా వచ్చింది. పిల్లల బాధ్యత పిల్లకు ఇవ్వలేమని, వచ్చే ఏడాది రమ్మని పంపారు.

మధ్యాహ్నం న్యూజెర్సీ దాత నుంచి వీడియో కాల్. అక్కడ అర్ధరాత్రి దాటింది. అతని కూతురు ఈ వేసవిలో అక్కడి క్యాంపులో కౌన్సిలర్‌గా చేరుతోంది. అమెరికాలో పిల్లల క్యాంపులు పెద్ద వ్యవస్థ. వాటిలో పనిచేయడానికని ఇతర దేశాల యువతకు వీసాలో వేరే విభాగం కూడా ఉంది. అంత వ్యవస్థలోనూ, ఏడాదిలో ఏడు నెలలకు మించి నడవని వినోద సంస్థలకు ఫెడరల్ కనీస వేతనం నుంచి మినహాయింపు ఉంది. చాలా చోట్ల బస, తిండి, చివర్లో ఒకేసారి కొంత డబ్బు, అంతే. పిల్లల మధ్య గడపడం అదృష్టం కదా, డబ్బు గురించి అడగడమేమిటన్న ధోరణి సముద్రం అవతల కూడా ఉందన్నమాట. కానీ అతను అడిగింది జీతం గురించి కాదు. మీరు తీసుకున్నవాళ్ల గురించి పోలీసుల దగ్గర వాకబు చేశారా?

అందరూ తెలిసినవాళ్లే కదా బాబూ అన్నారు మాస్టారు. ఆ మాట అంటూనే ఆగిపోయారు. పిల్లలకు హాని చేసేవాళ్లలో ఎక్కువమంది తెలిసినవాళ్లేనన్న సంగతి ముప్ఫై ఏళ్లు బళ్లో పనిచేసిన మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇది మర్యాద కోసం అడిగే ప్రశ్న కాదు. పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020లో చేసిన నియమాల ప్రకారం బడులు, క్రీడా అకాడమీలు మొదలుకొని పిల్లలతో నిత్యం మెలిగే ఏ సంస్థ అయినా, పాఠం చెప్పేవాళ్లనీ చెప్పనివాళ్లనీ, పర్మనెంటు వాళ్లనీ కాంట్రాక్టు వాళ్లనీ, ప్రతి ఒక్కరినీ పోలీసు తనిఖీ చేయించాలి. పైగా తన కింద పనిచేసే మనిషి తప్పు చేశాడని తెలిసి కూడా చెప్పకుండా దాచిన సంస్థ బాధ్యుడికి ఏడాది దాకా జైలు. సోమవారం పొద్దున్నే ఆధార్ నకళ్లతో, సంతకాలతో, మీరు ముగ్గురూ పోలీసు స్టేషన్ బెంచీ మీద కూర్చుంటారు. వంటావిడ పేరూ ఆ జాబితాలో ఉంది, కబడ్డీ కుర్రాడి పేరూ ఉంది, అదనంగా రాసుకున్న అతని పేరూ ఉంది. నన్నడిగితే మీ ముగ్గురి పేర్లూ ఉండాలి. మందుల షాపావిడ అక్కడే కాగితం తీసుకుని వాటినీ చేర్చింది. తిరిగొచ్చాక గేటు మీద పెద్ద అక్షరాలతో 1098 అని రాయించారు. పిల్లలెవరైనా ఏ ఫోన్ నుంచైనా చేయగలిగే నంబరు.

మే 5. తెల్లవారుజాము నాలుగున్నర. మీరు వచ్చేసరికే వంటశాలలో దీపం వెలుగుతోంది. రాత్రి నానబెట్టిన చోడి పిండి గుండిగలో తిరుగుతోంది. ఉండ కట్టకుండా వంటావిడ రెండు చేతులా తెడ్డు తిప్పుతోంది. సహాయానికి వచ్చినావిడ బెల్లం దంచుతోంది. చుట్టుపక్కల చెరకు పండే నేల ఇది, అనకాపల్లి బెల్లం మార్కెట్టు ఎంతో దూరం కాదు. 2022 ఏప్రిల్ నుంచి జిల్లా కూడా అనకాపల్లే. పెద్దవాళ్ల నోట ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. ఆరింటికి పిల్లలొచ్చేసరికి గ్లాసులు వరసగా పేర్చి ఉన్నాయి. ఆ వరస చూసి పిల్లలు వాళ్లంతట వాళ్లే బారు కట్టారు.

మొదటి వారం గడిచిన తీరు చెప్పాలంటే, గొంతులు బొంగురుపోయాయి, రెండు బంతులు గోడ అవతల పోయాయి, పది దాటాక ఎండకు ఆట ఆపి అందర్నీ వరండాలోకి లాక్కొచ్చారు. శుక్రవారం ఖోఖోలో ఒక పిల్లాడి మడమ బెణికింది. గేటు బయట నిలబడి ఉన్న ఆటో అబ్బాయి ఎవరూ పిలవకముందే లోపలికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. వాలంటీరు అమ్మాయి వెంట వెళ్లింది. ప్రభుత్వాసుపత్రిలో కట్టు కట్టించుకుని గంటలో తిరిగొచ్చారు. తల్లికి ఫోన్ చేసిన వేళ, డాక్టరు చెప్పిన మాట, అన్నీ రిజిస్టరులో రాసి ఉన్నాయి.

మే 10, శనివారం. పిల్లలు అన్నాలు తిని వెళ్లిపోయారు. బల్ల మీద రిజిస్టరు తెరిచారు. పేరు, పనిచేసిన రోజులు, రోజుకు ఎంత, మొత్తం, సంతకం. వాలంటీరు అమ్మాయి ఒక్కొక్కరి పేరూ చదువుతోంది. పింఛన్లు పంచిన చెయ్యి కదా, నోటు లెక్కపెట్టి ఎదుటివాళ్ల చేత మళ్లీ లెక్కపెట్టిస్తోంది. కబడ్డీ కుర్రాడికి ఆరు రోజులకు 2,700, ఫోన్‌పేలో. డీఎస్సీ అతనికీ అంతే. సహాయానికి వచ్చినావిడకు 2,100.

వంటావిడకూ ఖాతాలో వేద్దామని మాస్టారు అంటే ఆమె చెయ్యి చాపింది. "నా సేతికే ఇయ్యండి బాబూ. బేంకులో ఏస్తే డ్వాక్రా వాయిదాకి పట్టీసుకుంటారు. వాయిదా నాను కట్టుకుంతాను. ముందల నా సేతికి రానియ్యండి."

ఆరు రోజులకు 500 చొప్పున 3,000. ఆమె నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తర్వాత మళ్లీ మొదటి నోటు దగ్గరికి వచ్చింది. ఏమైందని మీరడిగితే, ఏటీ నేదు బాబూ అంది. కాసేపాగి, బడిలో వొండితే నెలంతటికీ ఇదే అంది.

నిజం. మధ్యాహ్న భోజనం వండేవాళ్లకు మన రాష్ట్రంలో 2019 నుంచి నెలకు ఇచ్చే గౌరవ వేతనం 3,000 రూపాయలు. పథకం పేరు మారింది, ఇప్పుడది డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఉంది. గోదావరి లంకలో వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి పేరు అది, పెట్టదగిన పేరే. కానీ ఆ పేరు కింద పొయ్యి ముందు నిలబడే ఆవిడ నెల కూలి, ఈ చిన్న శిబిరంలో ఆరు రోజుల కూలితో సమానం. ఈ శిబిరం గొప్పగా ఇచ్చిందని నేను చెప్పడం లేదు. గంటల లెక్క వేస్తే శిక్షకుల కంటే తక్కువే ఇచ్చిందని ముందే చెప్పాను. నెలకు మూడు వేలన్న అంకెను మనమంతా ఇన్నేళ్లుగా రోజూ చూస్తూ, చదువుతూ, దాటిపోతున్నాం. పిల్లలకు మధ్యాహ్నం గుడ్డు పెట్టారా లేదా అని నిలదీసే తల్లిదండ్రులూ, పత్రికలూ, మనమూ, ఆ గుడ్డు ఉడకబెట్టిన మనిషి గురించి అదే గొంతుతో అడగాలి. బాగా అడగాలి.

మే 13, మంగళవారం. అనుకున్నదే అయింది. డీఎస్సీ కుర్రాడు పదకొండింటికి మాస్టారి దగ్గర నిలబడ్డాడు. నిద్ర చాలడం లేదండీ, ఇంకో మూడు వారాలే ఉంది, క్షమించండి అన్నాడు. దాతల్లో ఒకరు ఫోన్లో గట్టిగానే అన్నారు: మధ్యలో వదిలేసినవాడికి మిగిలిన రెండు రోజుల డబ్బు ఎందుకివ్వాలి, ఆపితే బుద్ధొస్తుంది. మందుల షాపావిడ ఫోన్ అందుకుని, పనిచేసిన రోజు డబ్బు ఆ రోజుది, రేపు రానందుకు నిన్నటి కూలి కొయ్యడానికి మనకు హక్కు లేదండీ అని చెప్పింది. చెరకు తోలి డబ్బు కోసం నెలల తరబడి ఎదురుచూడటం ఎరిగిన ఊళ్లు ఇవి. ఆపిన కూలి మనిషిని ఏం చేస్తుందో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. శనివారం దాకా ఆగకుండా 900 రూపాయలు అప్పుడే పంపించారు. మర్నాడు ఆరింటికి కాగితపు పక్షుల అతను వచ్చాడు. మిగిలిన పది రోజులూ అతనిదే.

ఆఖరి వారం తప్పెటగుళ్ల పెద్దాయన వచ్చాడు. ఛాతీ మీద రేకు తప్పెట, కాళ్లకు గజ్జెలు. ఉత్తరాంధ్ర పల్లెల్లో యాదవులు తరతరాలుగా ఆడుతూ పాడుతూ వచ్చిన కళ. గుండ్రంగా తిరుగుతూ ఒక్కసారిగా గాలిలోకి లేచి, దిగేటప్పుడు గజ్జెల మోత తాళానికి సరిగ్గా పడాలి. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి అలా లేస్తుంటే పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. రెండో రోజుకల్లా చేటంత రేకుముక్కలు మెళ్లో కట్టుకుని వాయించడం మొదలెట్టారు. చివరి రోజున ఆయనకు సన్మానం చేసి శాలువా కప్పుదామని ఎవరో అంటే ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"శాలువాలు ఇంట్లో సానా ఉన్నాయి బావూ. గజ్జెలు తెగిపోతే కొనుక్కోడానికి ఒక్కటీ అక్కరకి రాలేదు."

శనివారం మిగతా అందరితో పాటు వరసలో నిలబడి 3,600 తీసుకుని, వేలిముద్ర వద్దని, వంకరగానైనా సంతకమే పెట్టాడు.

ఆ శనివారమే మే 24. ముగింపు రోజు. సాయంత్రం తల్లిదండ్రులు రెండు వందల మంది దాకా వచ్చారు. పిల్లలు ఆడారు, పాడారు, బొమ్మలు గోడలకు అంటించారు. అందరికీ పులిహోర, పెరుగన్నం. ఉపన్యాసాలు లేవు. వాటి బదులు మాస్టారు మైకు పట్టుకుని జీతాల రిజిస్టరు చదవడం మొదలెట్టారు. ఉపాధి పనుల మస్టరు ఊరందరి ముందు చదివే సామాజిక తనిఖీ మన రాష్ట్రంలో 2006 నుంచీ ఉంది కాబట్టి జనానికి ఇది కొత్తగా అనిపించలేదు. ఎవరికెన్ని రోజులు, ఎంత, ఏ తేదీన. చదువుతుంటే మధ్యలోంచి ఒకాయన లేచాడు. వంటకి తొమ్మిది వేలా, పంతుళ్ల కంటే ఎక్కువా అన్నాడు.

జవాబు వంటావిడ చెప్పలేదు, మాస్టారూ చెప్పలేదు. కబడ్డీ కుర్రాడు లేచి, "నేను ఆరింటికొస్తే అప్పటికే జావ కాచి ఉండేదండీ" అని కూర్చున్నాడు. ఆయన ఇంకేదో అనబోయి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడని చెప్పలేను.

చదవడం పూర్తయింది. 45,000లో 43,200 ఖర్చు, 1,800 మిగులు. వచ్చే ఏడాదికి దాచాలని ఒకరు, బంతులు కొనాలని ఒకరు. వాలంటీరు అమ్మాయి రిజిస్టరు తిరగేసి, ఇవాళ్టి సంగతి ఇందులో రాయలేదు అంది. ఇవాళ వంటావిడ, సహాయానికి వచ్చినావిడ పొద్దున్న ఒక పూట చేసి, మళ్లీ మూడింటికి వచ్చి రెండు వందల మందికి వండారు. వాళ్లకు సాయంగా ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ నలుగురికీ ఈ పూట కూలి పడలేదు. అక్కడే లెక్క కట్టారు. వంటకు ఇంకో 500, మిగతా ముగ్గురికి 350 చొప్పున 1,050. మొత్తం 1,550. నలుగురినీ పిలిచి చేతుల్లో పెట్టారు.

250 ఉంది. ఇంకెవరికైనా రావలసింది ఉందా అని మాస్టారు మైకులో అడిగారు. జనం వెనకాల, గేటు పక్కన, ఆటోకి ఆనుకుని నిలబడిన అబ్బాయి చెయ్యెత్తాడు. మడమ బెణికిన రోజు ఆసుపత్రికి వెళ్లి వచ్చిన కిరాయి. నూట యాభై అన్నాడు. వాలంటీరు అమ్మాయి రిజిస్టరులో ఆ తేదీ వెతికి, వేళ సరిచూసి, అతణ్ణి సంతకానికి ముందుకు పిలిచింది.